బోర్లా పేర్చిన చక్రం

జవాద్ పోయిన మూడోరోజు సాయంత్రానికి పేట జనం వాణ్ణి మాటల్లోనే రాజుగారి మహలు దాకా తీసుకెళ్ళిపోయారు. బతికుంటే ఆ మహలు కొత్త గోడల రంగుపెంకు పనంతా వాడే చేసేవాడన్నాడు ఒకడు. రాజుగారిదేమిటి, మక్కా నుంచే కబురొచ్చేదన్నాడు ఇంకొకడు. మూడోవాడు పారిస్ మసీదు సంగతి ఎత్తాడు. ఖురాన్ చదివేవాళ్ళు గొంతు తడుపుకోవడానికి ఆగినప్పుడల్లా, పుదీనా టీ గ్లాసులు చేతులు మారినప్పుడల్లా, ఇరవైరెండేళ్ళకే పోయిన ఆ కుర్రాడికి ఇంకో పెద్ద పని దొరుకుతూనే ఉంది.

తుహామి గోడకి చేరగిలబడి ఇవన్నీ విన్నాడు. యాభైనాలుగేళ్ళ మనిషి. ఫెజ్ ఊళ్ళో రంగుపెంకు పనివాళ్ళు వేలమంది ఉన్నా, గురువు అనే అర్థంలో మాలెం అని పిలిపించుకునేవాళ్ళు పదిమందే. అందులో అతనొకడు. జవాద్‌కి పన్నెండో ఏట పని నేర్పడం మొదలుపెట్టింది అతనే.

ఇక్కడ కూచుని మహళ్ళు పంచిపెడుతున్న వాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు, వాడు బతికుండగా తన గుమ్మం పక్కన జానెడు పట్టీ పనైనా వాడి చేతికి ఇవ్వలేదు. "కుర్రాణ్ణి పంపించావేంటి మాలెం, నువ్వే రా" అనేవాళ్ళు. చనిపోయినవాడికి పని ఇవ్వడం తేలిక. చెడగొడతాడన్న భయం ఉండదు. ఎప్పటికి పూర్తవుతుందని తిరగక్కర్లేదు.

తుహామిని కూడా ఒకప్పుడు ఇలాగే అన్నారు. ఎనిమిదో ఏట బడి మాన్పించి తండ్రి పనిలో కూచోబెట్టాడు. ఇరవై ఏళ్ళొచ్చేసరికి ముసలి మాలెంలు అతని చేతులు పట్టుకుని తిప్పి చూసి, వీడు మనందర్నీ మరిపిస్తాడన్నారు. ఆ తరవాత అతను ముప్ఫైనాలుగేళ్ళు బతికాడు. ఆ ముప్ఫైనాలుగేళ్ళలో చేసినవి స్నానశాలలు, హోటళ్ళ మెట్లు, ఒక షేకు ఈతకొలను. బతికి ఉండటంలో ఉన్న ఇబ్బంది అదే. ఏం చేశావో అందరికీ కనబడుతూ ఉంటుంది.

జనం లేచి వెళ్ళాక లోపలి గదిలోంచి జవాద్ తల్లి బతూల్ వచ్చింది. మొగుడు ఎప్పుడో పోయాడు. జెల్లాబా అంగీలకి పట్టుదారంతో గుండీలు అల్లి కొడుకుని పెంచింది. మూడురోజులుగా ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"తుహామీ అన్నా, నీ షెడ్డులో నేలమీద వాడు పేరుస్తున్నది ఒకటుందిగా. అదేమవుద్ది?"

"ఉంది. ఇంకా పూర్తవలేదమ్మా."

"ఎంతయింది?"

"పదహారు రెక్కల చక్రం. పదకొండు రెక్కలు పేర్చాడు. ఐదు మిగిలినాయి."

ఆమె చీరుకుపోయిన వేళ్ళు ఒకదానిమీద ఒకటి రుద్దుకుంది.

"వాడు చేసిన చిన్నాచితకా ఎక్కడెక్కడో ఇళ్ళల్లో ఉన్నాయి, అవన్నీ నీ పేరు మీద. అది మాత్రం తనదని వాడు చెప్పాడు. వాడు చేసింది వాడు చేసినట్టు ఒక్కసారి నిలబెట్టి చూడాలన్నా. అంతకంటే ఏమీ అడగను."

"నలభయ్యో రోజుకి లేపుతాను. నారింజ మలుపు దగ్గర కుళాయి గోడకే కదా వాడు మొదలుపెట్టింది. అక్కడే పెట్టి వాడి పేరుమీద కుళాయి తెరుద్దాం."

మాటైతే ఇచ్చేశాడు. ఆ చక్రంలో ఏముందో అతనికి తెలియదు.

షెడ్డులోకి కొత్తగా వచ్చినవాళ్ళకి అది ఉత్త ఎర్రమట్టి ముక్కల నేల. పెంకు పనిని బోర్లా పేరుస్తారు. రంగు ముఖం నేలకేసి, మట్టి వీపు పైకి. గోరంత ముక్కలు, వేలెడు ముక్కలు, చుక్కలు, బాదంగింజలు, వేలకి వేలు. ఏ ముక్క ఏ రంగో పేర్చేవాడి బుర్రలో ఉండాలి, కంటికి మాత్రం ఆనదు. అంతా పేర్చాక పైనుంచి సున్నం, సిమెంటు కలిపిన గుజ్జు పోస్తారు. గట్టిపడ్డాక నలుగురు పట్టి పలకని లేపి నిలబెడితే, అప్పుడు చూస్తారు. చేసినవాడు కూడా అప్పుడే చూస్తాడు.

కాగితం మీద గీసుకోవడం వీళ్ళలో లేదు. గీస్తే పక్కవాడు ఎత్తుకుపోతాడు. ఒకడు పేరుస్తుంటే ఇంకొకడు ఇదేంటని అడగడం కూడా లేదు. అలా అడిగితే, నీకు చేతకాదేమోనన్నట్టు. అందుకని జవాద్ ఆ చక్రం మీద రెండు నెలలు గొంతుక్కూచున్నా తుహామి అడగలేదు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి వాడి గుండెలో కవాటం పాడైంది. నాలుగు ముక్కలు పెట్టేవాడు, చెయ్యి నేలకి ఆన్చి ఆయాసం తీర్చుకునేవాడు, మళ్ళీ నాలుగు. ఆపరేషన్‌కి రబాత్‌లో పెద్దాసుపత్రి వరసలో పేరు రాయించారు. ఆ వరస వాడి దాకా రాలేదు.

"ఇంటికి పోయి పడుకోరా. గోడ ఎక్కడికీ పారిపోదు," అనేవాడు తుహామి.

"లేపాక చూద్దురుగానీ మాలెం," అనేవాడు. అడిగినదానికి, చెప్పినదానికి సంబంధం ఉండేది కాదు.

అసలు తుహామి అడక్కపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. వాడికి పదిహేనేళ్ళప్పుడు, ఒక ఇంటి వాకిలి పట్టీ లేపి చూస్తే తెల్లచుక్కల వరసలో ఒకచోట నల్లచుక్క కనబడింది. తుహామి అందరి ముందూ సుత్తి తీసుకుని దాన్ని పగలగొట్టాడు.

"కళ్ళు మూసుకుని పెట్టావురా?"

"లేదు మాలెం. అక్కడ చూసేవాళ్ళ కన్ను ఆగుద్దని పెట్టాను."

"ఆగకూడదు. జారిపోవాలి. ఎవడి కన్నైనా ఆగిందంటే అక్కడ మన తప్పు దొరికినట్టు."

వాడు సరేనన్నాడు. ఆ తరవాత ఏడేళ్ళలో వాడి పనిలో ఒక్క ముక్క కూడా తేడా రాలేదు. తను గెలిచానని తుహామి అనుకున్నాడు.

*

మిగిలిన ఐదు రెక్కలు పేర్చాలంటే వాడు పేర్చినవి తెలియాలి. పనిలో దానికో పద్ధతి ఉంది. చక్రంలో రెక్కలన్నీ ఒకదానికొకటి నకళ్ళే కాబట్టి, ఒక్క రెక్క తెలుసుకుంటే సరిపోతుంది. తుహామి పల్చటి చాకు మొనతో మొదటి రెక్కలో ఒక్కో ముక్కనే లేపి, రంగు చూసి, మళ్ళీ అదే గుంటలో అదే తీరున దించాడు. దానికే మూడురోజులు పట్టింది. మధ్యలో తెల్లచుక్క, చుట్టూ తేనెరంగు, నల్లటి గీతలు, వాటి మధ్య రెక్క పొడుగునా పదిహేను బాదంగింజలు, పదిహేనూ ఆకుపచ్చ.

చక్కగా ఉంది. పాత పద్ధతిలో ఉంది. తన చేతి కింద నేర్చినవాడు చేసినట్టే ఉంది. తుహామికి ఊపిరి తేలికపడింది. ఎందుకో కాస్త నిరాశ కూడా కలిగింది.

రెండో రెక్కలో ఊరికే ఖాయం చేసుకోవడానికి అక్కడొకటి, అక్కడొకటి లేపాడు. చివరి బాదంగింజ నీలం.

చేతిలో పట్టుకుని వెలుగుకి తిప్పి చూశాడు. నీలమే. ఆకుపచ్చ ఉండాల్సినచోట నీలం. అది చూడగానే అతని గుండెల్లో ఎక్కడో ఒక చల్లటి తృప్తి చుక్క పడింది. పడిందని అతనికి తెలిసింది. వెంటనే దానిమీద దుఃఖం తెచ్చి కప్పాడు. పాపం, ఆయాసంలో చెయ్యి తప్పింది వెధవకి.

మూడో రెక్క చూశాడు. రెండు నీలాలు. నాలుగోదాంట్లో మూడు. అయిదోదాంట్లో నాలుగు.

రోజురోజుకీ జబ్బు ముదిరింది. జబ్బుతోపాటు తప్పులూ పెరిగాయి. తుహామికి అంతే కనబడింది. పద్నాలుగేళ్ళ కుర్రాడెవడైనా ఆ అంకెలు వరసగా చెప్పి తరవాతేమిటని అడిగితే ఠక్కున చెప్పేవాడేమో. ముప్ఫైనాలుగేళ్ళుగా రెక్కలన్నీ ఒక్కలాగే పేర్చిన మనిషికి అవి అంకెల్లా తోచలేదు, ఆయాసపు గుర్తుల్లా తోచాయి.

పక్క షెడ్డు మాలెం మెక్కీ గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. ఆ పేటలో నవ్వకుండా మాట్లాడటం చేతకానివాడు.

"ఏంటి మాలెం, చచ్చినోడి జేబులు వెతుకుతున్నావా?"

"నీ పని చూసుకో మెక్కీ."

"చూసుకుంటున్నా. నీ కుర్రాడు ఏం దాచాడో మా అందరికీ చూడాలనుంది. దొరికిందా ఏమన్నా?"

తుహామి నీలం గింజ గుప్పిట్లో మూశాడు. దాన్ని మెక్కీకి చూపిస్తే సాయంత్రానికి కుమ్మరి బట్టీల దాకా పాకుతుంది, మహళ్ళు కట్టాల్సినవాడు పచ్చకీ నీలానికీ తేడా తెలియకుండా పోయాడని.

"ఏముంటుంది? నేను నేర్పిందే ఉంది."

"అంతేలే. నీ దగ్గర అంతకన్నా ఏముంటుంది," అని మెక్కీ నవ్వుకుంటూ పోయాడు.

తుహామి ఆ రోజంతా ఆలోచించాడు. తల్లేమో కొడుకు చేసింది చేసినట్టు చూడాలంది. కానీ చేసింది చేసినట్టు లేపితే రేపు కుళాయి దగ్గర బిందె పెట్టిన ప్రతి ఆడమనిషీ, గాడిదకి నీళ్ళు తాగించే ప్రతివాడూ వేలు పెట్టి చూపిస్తారు. చనిపోయినవాడికి మాట తిరిగి చెప్పే నోరుండదు. వాడి పరువు కాపాడాల్సింది తనే. ఇలా అనుకున్నాక అతనికి పని సులువైంది.

పదకొండో రెక్క దాకా ప్రతి బాదంగింజనీ లేపి చూశాడు. ఆ చివరిదాంట్లో పది నీలాలు దొరికాయి. అన్నీ కలిపి యాభైఅయిదు. ఒక్కొక్కటే తీసి, గుంట చిన్న బ్రష్‌తో తుడిచి, ఆకుపచ్చది దించాడు. ముక్కలు కొట్టి ఇచ్చేది ఎప్పుడూ ముసలి అలాల్ పెద్దాయనే. జవాద్ పోకముందే ఆయన కంటి ఆపరేషన్‌కని తాజా ఊళ్ళో కూతురింటికెళ్ళాడు, షాపుకి తాళం. అందుకని తుహామి ఇంకొకడి దగ్గర గింజలు కొట్టించుకున్నాడు. మిగిలిన ఐదు రెక్కలు తనే పేర్చాడు. పదిహేనేసి బాదంగింజలు, అన్నీ ఆకుపచ్చ. చేతులు వాటంతటవే కదిలాయి. ఆ ఐదు రెక్కలూ వారంలో అయిపోయాయి.

ముప్ఫయ్యో రోజున గుజ్జు పోశాడు. పోసేటప్పుడు బిస్మిల్లా అన్నాడు, ఆ పని ఎవరి పేరుమీదో మాత్రం చెప్పలేదు.

*

ముప్ఫైనాలుగో రోజు నలుగురు మనుషులు పట్టి పలకని లేపి గోడకి నిలబెట్టారు. తడిగుడ్డతో తుడిస్తే రంగులు బయటికొచ్చాయి. పేట పెద్దలు, చుట్టుపక్కల షెడ్లవాళ్ళు, బతూల్ అందరూ ఉన్నారు. తెలుపు, తేనె, నలుపు, ఆకుపచ్చ. పదహారు రెక్కలు. ఎటు చూసినా ఒకటే. కన్ను ఎక్కడా ఆగలేదు.

"ఆహా," అన్నాడు ఒక పెద్దాయన. "బతికుంటే వీడు మన తుహామి అంతటోడు అయ్యేవాడు."

తుహామి తల దించుకున్నాడు. నెలరోజుల కిందట మక్కా దాకా పోయినవాణ్ణి వీళ్ళు తిరిగి తన షెడ్డు దాకా తెచ్చి దించేశారు. ఆ మాట తనకి పొగడ్తగా అన్నారు గానీ మొహం మీద చన్నీళ్ళు చల్లినట్టయింది.

మెక్కీ దగ్గరికొచ్చి పలకని, తుహామిని మార్చి మార్చి చూశాడు. "అచ్చం నీ చెయ్యే మాలెం. కళ్ళు మూసుకుని చెప్పొచ్చు." ఈసారి అతని మాటలో నవ్వులేదు.

బతూల్ చాలాసేపు నిలబడింది. ఎవరో కుర్చీ వేస్తే కూచోలేదు. ఆఖరికి తలమీది గుడ్డ సర్దుకుని, "బావుందన్నా," అంది. వెంటనే ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే అలాల్ పెద్దాయన వచ్చాడు. ఒక కంటికి ఇంకా గుడ్డ కట్టే ఉంది. చంకలో ఐదు చిన్న మూటలు.

"కుర్రాడు పోయాడని నిన్ననే తెలిసింది నాకు," అని గుమ్మంలోనే కూలబడ్డాడు. "తాజాలో ఎవరూ చెప్పలేదురా. వీటిని తీసుకోడానికి వస్తాడని తీసి పెట్టుంచాను."

"ఏంటవి?"

"వాడి గింజలు. ఐదు రెక్కలవి. ఊరెళ్ళే ముందే కొట్టేశాను. రెక్కకో మూట కట్టమన్నాడు, కలిసిపోకూడదన్నాడు. ఒక ముడి వేసిందేమో పన్నెండోది, రెండు ముళ్ళు పదమూడోది, అలాగ." పెద్దాయన మూటల్ని నేలమీద వరసగా పెట్టాడు. "నా బతుకులో ఇట్లాంటి లెక్క ఎవడూ చెప్పలేదు. రెక్కకి ఒక పచ్చ తగ్గించి ఒక నీలం పెంచమన్నాడు. మొదటిదాంట్లో అన్నీ పచ్చలు. ఆఖరిదాంట్లో ఒక్క పచ్చ లేదు, పదిహేనూ నీలాలే. ఇదేం పిచ్చిరా అంటే, తిరుగుద్ది పెద్దయ్యా, చూస్తూ ఉంటే తిరుగుద్ది అన్నాడు. నాకర్థం కాలేదు. నేను కొట్టేవాణ్ణి, నాకెందుకు."

తుహామి ఒక ముడి మూట విప్పాడు. నాలుగు ఆకుపచ్చలు, పదకొండు నీలాలు. రెండు ముళ్ళది విప్పాడు. మూడు, పన్నెండు. మిగతావి విప్పలేదు.

"ఏరా, అట్టా అయిపోయావేంటి? లేపేశావా అప్పుడే?" పెద్దాయన ఒంటికన్నుతో చుట్టూ చూశాడు. గోడకి నిలబెట్టిన పలక కనబడింది. లేచి దగ్గరికెళ్ళి, ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు. ఒక రెక్క చూశాడు, పక్క రెక్క చూశాడు, దాని పక్కది చూశాడు.

"నీలాలేవిరా?"

తుహామి మూటలకేసి చూశాడు.

"నీలాలు ఏవని అడుగుతున్నా."

"తీసేశాను."

"ఎందుకు?"

"చెయ్యి తప్పిందనుకున్నా పెద్దయ్యా. జబ్బులో..."

అలాల్ తిరిగొచ్చి, విప్పిన మూటలు రెండూ మళ్ళీ కట్టాడు, ముళ్ళు తప్పకుండా. "వాడు ఒక్క గింజ తప్పు పెట్టడం నేనెప్పుడూ చూళ్ళేదు," అన్నాడు నెమ్మదిగా. "నువ్వు చూశావా?"

అంతే అడిగి వెళ్ళిపోయాడు.

తుహామి పలక ముందు కూచున్నాడు. కళ్ళు మూసుకుని, మొదటి రెక్క నుంచి ఒక్కో పచ్చని నీలం చేసుకుంటూ వెళ్ళాడు. పేర్చేవాళ్ళకి అది అలవాటైన పనే. రంగు కనబడకుండా రంగు చూడటం. ఐదో రెక్క దాటేసరికి అతని మూసిన కళ్ళ వెనక ఆ చక్రం కదలడం మొదలుపెట్టింది. పచ్చ తరుగుతూ, నీలం ఎక్కుతూ, చుట్టూ వచ్చి, పూర్తి నీలం పూర్తి పచ్చని ఢీకొట్టే చోట ఒక్క క్షణం నిలిచి, మళ్ళీ మొదలై. కన్ను అక్కడ ఆగుతోంది. ఆగి, తోసినట్టు ముందుకి పోతోంది. నాలుగు వందల ఏళ్ళ పాత గోడలు ఊరినిండా ఉన్నాయి. ఏ గోడ మీదా అతను అలాంటిది చూడలేదు. ఏ ముసలి మాలెం నోటా వినలేదు.

కళ్ళు తెరిచాడు. ఎదురుగా తన చక్రం, కదలకుండా.

సిమెంటులో పట్టుకున్న ముక్కని పగలకుండా తియ్యడం ఎవరి తరమూ కాదు. ఇంకోటి కొత్తగా పేర్చొచ్చు. లెక్క ఇప్పుడు తెలిసింది, మూటలున్నాయి, నెలలో అయిపోతుంది. కానీ వాడు దీన్ని లేపి చూసుకుని, ఇందులో ఏం నచ్చకపోయేదో, దాన్ని ఇరవైఅయిదేళ్ళకి ఎలా మార్చేవాడో, ముప్ఫై ఏళ్ళకి ఏం చేసేవాడో, అలాంటి మూటలు ఏ పెద్దాయనా తాజా నుంచి పట్టుకురాలేడు.

*

నలభయ్యో రోజు నారింజ మలుపు దగ్గర కుళాయి గోడకి పలక బిగించారు. ఇత్తడి కుళాయి కొత్తది. పక్కింట్లో భోజనాలకి కుస్కుస్ ఉడుకుతున్న వాసన సందంతా పాకింది. దువా ప్రార్థన అయ్యాక పేట పెద్ద కుళాయి తిప్పాడు, రాతి తొట్టిలో నీళ్ళు పడ్డాయి, ఆడవాళ్ళు పెళ్ళిళ్ళలోలా నోటితో లిలిలి అనబోయి చావు గుర్తొచ్చి ఆపుకున్నారు.

తుహామి ముందుకొచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ నలుగురిలో మాట్లాడని మనిషి.

"ఇది జవాద్ పని కాదు," అన్నాడు. "వాడు వేరేగా పేర్చాడు. ఎవడూ పేర్చనట్టు పేర్చాడు. నేను తప్పనుకుని మార్చేశాను. నూటఇరవై గింజలు నీలం ఉండాల్సింది, నేను పచ్చ పెట్టాను. మీరు చూసేది నా పని. వాడిది ఇంతకంటే..."

అక్కడితో ఆగి, పలకకేసి తిరిగాడు.

పేట పెద్ద కళ్ళు తుడుచుకున్నాడు. "గురువంటే ఇట్టా ఉండాలయ్యా. తన పనిని తనే తక్కువ చేసుకుంటున్నాడు, పోయినోడే గొప్పంటున్నాడు."

"లేదండీ, నేను చెప్పేది..."

"తెలుసులే మాలెం. నీ బాధ మాకు తెలుసు." ఎవరో భుజం తట్టారు.

మెక్కీ మాత్రం అతని మొహంలోకి చూశాడు. అతనికి అర్థమైనట్టే ఉంది. "నూటఇరవయ్యా," అన్నాడు మెల్లగా. ఏదో ఎత్తిపొడుపు నోటిదాకా వచ్చినట్టుంది, మింగేశాడు. అందరితోపాటు భోజనానికి వెళ్ళిపోయాడు.

సందు ఖాళీ అయ్యాక బతూల్ మిగిలింది. తొట్టి అంచు మీద కూచుని ఉంది. తుహామికి ఆమెవైపు చూసే ధైర్యం లేదు.

"నాకు షెడ్డులో లేపిన రోజే తెలుసన్నా," అంది.

"ఎట్టా?"

"పదేళ్ళప్పట్నించీ నా పట్టు గుండీలు పళ్ళెంలో పేర్చేవాడు. ఒక రంగులో మొదలుపెట్టి, ఒకటొకటే మార్చుకుంటా ఇంకో రంగులోకి పొయ్యేవాడు. ఎన్నిసార్లు చూశానో. మొన్న లేపినప్పుడు అదొస్తుందని చూస్తున్నా. రాలేదు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వడిగితేగా. మీ పనిలో ఆడదాన్ని ఎప్పుడన్నా ఎవరన్నా అడిగారా." ఆమె గొంతులో కోపం కూడా ఎక్కువ లేదు. "వాణ్ణైనా అడిగావా? ఏం తప్పు దిద్దావో చెప్పేవాడివంతే. ఎందుకట్టా పెట్టావని అడిగేవాడివి కాదంట. ఏడుస్తా వచ్చి చెప్పాడొకసారి."

తుహామి గోడకి చెయ్యి ఆన్చి నిలబడ్డాడు. "ఇంకోటి చేస్తానమ్మా. ఉన్నదున్నట్టు. లెక్క తెలిసింది నాకు. ఇది తీయించేసి దాన్ని పెడతాను."

"నువ్వు చేస్తే నీదే అవుద్ది."

కుళాయి సరిగా కట్టలేదేమో, నీళ్ళు సన్నగా తొట్టిలో పడుతున్నాయి. ఎండ ఇంకా గోడమీదే ఉంది.

బతూల్ లేచింది. కుడిచేతి చూపుడువేలు తొట్టిలో ముంచింది.

"ఏవేవి నీలం? చూపించు."

"రెండో రెక్కలో చివరిది. ఇదీ."

ఆమె ఆ బాదంగింజ మీద తడివేలు ఆన్చింది. ఎండకి అదొక్కటి మెరిసింది.

"తరవాత?"

"మూడోదాంట్లో రెండు. ఇదీ, ఇదీ."

వేలు ముంచి రెండూ తడిపింది. నాలుగోదాంట్లో మూడు. అయిదోదాంట్లో నాలుగు. అతను చూపిస్తూ, ఆమె తడుపుతూ చక్రం చుట్టూ జరిగారు. పైన రెక్కలు అందకపోతే రాతి అంచు ఎక్కి, అతని భుజం పట్టుకుని అందుకుంది. బిందెతో వచ్చిన ఒకామె వాళ్ళని చూసి, ఏమీ అడక్కుండా నీళ్ళు పట్టుకుని వెళ్ళింది. ఏడో రెక్క. ఎనిమిది. తుహామి ఒక్కటీ వదలకుండా చెప్పాడు. పదకొండో రెక్క దగ్గర పది గింజలు తడిపి ఆమె వెనక్కి జరిగి చూసింది.

రెండో రెక్కా, మూడోదీ అప్పటికే ఆరిపోయాయి. నాలుగోది ఆరుతోంది. ఎక్కడ తడిపారో ఆనవాలు లేదు, అంతా మళ్ళీ ఒకే పచ్చ.

బతూల్ కాసేపు ఆ ఆరినచోటే చూసింది. తరవాత మళ్ళీ తొట్టి దగ్గరికెళ్ళి ఈసారి అరచెయ్యంతా ముంచింది.

"మొదట్నించి చెప్పన్నా," అంది. "ఈసారి తొందరగా చెప్పు."